రేటు నియమాల వీడియో కోర్సు: టేబుల్ పాఠం సూపర్, గ్రాఫులు తుస్సు

కెమికల్ కైనెటిక్స్ (రసాయన చర్యల వేగాల లెక్కలు) అంటే టెన్షన్ పడేవాళ్లు ఇనిషియల్ రేట్స్ (చర్య మొదట్లోని వేగాలు పోల్చే పద్ధతి) పాఠం ఒక్కదాని కోసమైనా ఈ కోర్సు తీసుకోవచ్చు. నైట్రిక్ ఆక్సైడ్, క్లోరిన్ చర్య టేబుల్ తెరమీద పెట్టి, క్లోరిన్ గాఢతని కదపకుండా నైట్రిక్ ఆక్సైడ్‌ది 0.10 నుంచి 0.20కి పెంచితే వేగం 4 రెట్లయింది కాబట్టి దాని క్రమాంకం (రేటు నియమంలో ఆ గాఢత మీద ఉండే ఘాతం) 2, అదే క్లోరిన్‌ని రెట్టింపు చేస్తే వేగం కూడా రెట్టింపే కాబట్టి 1 అని, తొందరపడకుండా వరుస వరుసా పోల్చి చూపించారు. ఆ తర్వాత రేటు నియమంలో ఏ వరుస అంకెలు వేసినా కె (రేటు స్థిరాంకం) విలువ ఒకటే రావాలి, రాకపోతే క్రమాంకం తప్పినట్టే (ఈ చెకింగ్ చాలామంది చెప్పరు). డైనైట్రోజన్ పెంటాక్సైడ్ విఘటనంలో సమీకరణంలో దాని ముందు 2 ఉన్నా క్రమాంకం 1 అని చూపించడం కూడా బాగుంది.

గ్రాఫుల దగ్గరికొచ్చేసరికి పరుగే పరుగు. గాఢత సహజ సంవర్గమానాన్ని కాలంతో గీస్తే సరళరేఖ వస్తుంది, వాలు మైనస్ కె, అది ప్రథమ క్రమాంకం అనేసి అయిపోయిందన్నారు, ఎందుకొస్తుందో ఒక్క ముక్క లేదు. ద్వితీయ క్రమాంకానికి గాఢత విలోమం గీయాలన్నది స్లైడ్ మూలన ఎక్కడో ఉంది.

క్విజ్ అయితే మరీ ఘోరం. ప్రథమ క్రమాంక చర్య అర్ధాయువు (గాఢత సగమవడానికి పట్టే కాలం) 0.693/కె లెక్కలో కె సెకనుకి ఇంత అని ఇచ్చి జవాబు నిమిషాలని పెట్టారు, 60తో భాగించకుండానే! మెయిల్ పెడితే ఉలుకూ లేదు పలుకూ లేదు.