చింతచెట్టు నుంచి భాషానిలయం దాకా: పెద్దల కోసం ఒక సాహిత్య నడక

అరవై దాటినవారి కోసం హైదరాబాదులో ఒక చిన్న సాహిత్య బృందం ఆదివారం ఉదయం నిర్వహించిన, దారిలో ఆగి కవితలు, పద్యాలు చదువుకునే నడకలో ఈ శీతాకాలం నేను పాల్గొన్నాను. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు దగ్గర ఏడు గంటలకు బయలుదేరి, పుత్లీబౌలి, కోఠీల మీదుగా సుల్తాన్‌బజారులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమనే గ్రంథాలయానికి చేరాము. ఇడ్లీ, టీలతో కలిపి రుసుము 250 రూపాయలు.

మోకాళ్ల నొప్పులున్న నాలాంటివారికి నడవడం కన్నా నిలబడి వినవలసి రావడమే ఎక్కువ కష్టం. నిర్వాహకులు ఈ సంగతి గ్రహించి, మడతకుర్చీలను ఒక ఆటోలో ముందుగా పంపి, అందరూ కూర్చున్న తరువాతనే చదవడం మొదలుపెట్టారు. ఈ ఒక్క ఏర్పాటు కోసమే ఈ నడకను తోటివారికి చెప్పాలనిపించింది.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు ఆ చింతచెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. అదే వరదలో తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకొని తానొక్కడే మిగిలిన ఉర్దూ కవి అంజద్ హైదరాబాదీ ఆ దుఃఖాన్ని కవితగా రాశారు. మాతో నడవడానికి వచ్చిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు దానిలో కొంత భాగాన్ని ఉర్దూలో చదవగా, నిర్వాహకురాలు తెలుగు వచనంలో అర్థం చెప్పారు. నడుమ ఆయన గొంతు పూడుకుపోయి ఆగినప్పుడు ఎవరూ తొందరపెట్టలేదు. ఆ కొమ్మల కింద కూర్చుని వింటూ, నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చి ఉంటాయోనని తలెత్తి చూడనివారు మాలో లేరు.

పక్కనే ఉన్న కేంద్ర గ్రంథాలయం దగ్గర కొద్దిసేపే ఆగాము. అక్కడి నుంచి కోఠీ దాకా నడక మాత్రం పెద్దలకు అనువుగా లేదు. కాలిబాట చాలాచోట్ల సరుకుల కింద మూసుకుపోవడం వల్ల రోడ్డు మీదికి దిగి నడవవలసి వచ్చింది, దారిలో మరుగుదొడ్డి ఎక్కడుందో ముందుగా ఎవరూ చెప్పలేదు. పాత బ్రిటిష్ రెసిడెన్సీ గేటు ముందు నిలబెట్టి చేసిన పావుగంట చరిత్ర ప్రసంగం బస్సుల రొదలో సగం కూడా వినిపించలేదు. ఈ ముక్క దూరాన్ని ఆటోల్లో దాటించి, ఆ ప్రసంగాన్ని భాషానిలయంలో పెట్టుకుంటే మంచిది. కోఠీ పాత పుస్తకాల దుకాణాల దగ్గర పది నిమిషాలు వదిలిపెట్టడం మాత్రం అందరికీ నచ్చింది, ఆ అలవాటు మానవద్దని నా మనవి.

1901లో స్థాపితమై తెలంగాణ గ్రంథాలయోద్యమానికి నాంది పలికిన భాషానిలయంలో చివరి పఠనం జరిగింది. నిజాం రాజ్యంలో తెలుగు కవులు లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులతో 1934లో వెలువరించిన గోలకొండ కవుల సంచిక నుంచి ఎంచిన పద్యాలను పెద్ద అక్షరాలలో ముద్రించి, తలా ఒక కాగితం ఇచ్చారు. మేము వినేవారిగానే మిగిలిపోకుండా ఒక్కొక్క పద్యం మా చేతనే చదివించారు. తన పుట్టింటి ప్రాంతానికి చెందిన కవి పద్యం చేతికి రాగానే ఒక పెద్దావిడ దానిని రాగయుక్తంగా రెండుసార్లు చదివి, మొదటిసారి తప్పిన యతి స్థానాన్ని రెండోసారి తానే సరిదిద్దుకున్నారు. ఆ గదిలో మేము గంటకు పైగా ఉన్నాము, ఇంకొంతసేపు ఉన్నా ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు.

వెళ్లదలచినవారు మందులు, నీళ్లసీసా, చదివే కళ్లద్దాలు మరవకుండా వెంట తీసుకువెళ్లండి. తిరుగు ప్రయాణానికి సుల్తాన్‌బజార్ మెట్రో స్టేషను దగ్గరలోనే ఉంది, అక్కడ లిఫ్టు ఉన్నందున మెట్లెక్కే అవసరం రాదు.