టౌనస్ కొండలు: శిఖరం కన్నా అంచే నయం

ఫ్రాంక్‌ఫర్ట్‌లో మా ఆఫీసు కిటికీలోంచి వాయవ్యం వైపు చూస్తే ఆకాశం అంచున నల్లగా ఓ గీత కనిపిస్తుంది. అవే టౌనస్ కొండలు. నాలుగేళ్లుగా చూస్తూనే ఉన్నాను తప్ప ఎక్కిన పాపాన పోలేదు. సెప్టెంబరులో అమ్మానాన్నలు వచ్చారు కదా అని, ముగ్గురం కలిసి రెండు రాత్రులు అక్కడే ఉండేలా వెళ్లాం.

పశ్చిమాన రైన్, దక్షిణాన మైన్, ఉత్తరాన లాన్ నదులు. వీటి మధ్య అడవి కప్పుకుని పడుకున్న కొండల వరస ఇది. అన్నిటికన్నా ఎత్తయిన గ్రోసర్ ఫెల్డ్‌బెర్గ్ 879 మీటర్లు. "ఓస్, మన తిరుమలంతేగా!" అన్నారు నాన్న. నిజమే, పెద్ద తేడా లేదు. కాకపోతే చలి మాత్రం పండగే. కింద చొక్కాతో తిరిగినవాళ్లం పైన బస్సు దిగగానే స్వెట్టర్లు వెతుక్కున్నాం.

శిఖరం గురించి ఉన్నమాట చెప్పాలంటే నాకు నచ్చలేదు. పెద్ద పార్కింగ్, బైకుల రొద, ఓ హోటల్, టవర్లు. 1902లో కట్టిన రాతి టవరెక్కి చూస్తే పొగమంచు తప్ప ఏమీ కనపడలేదు. దిగుతుంటే మోకాళ్లు పట్టేసి నాన్న విసుక్కున్నారు. దారి పొడవునా మోడులే. కలప కోసం ఒకప్పుడు వరసలుగా నాటిన స్ప్రూస్ చెట్లవి. 2018 నుంచి వచ్చిన కరువులకు నీరసించి, బెరడు తొలిచే పురుగుకు దొరికిపోయాయి. బాగున్న చెట్టయితే జిగురు కార్చి పురుగును ముంచేస్తుంది. నీళ్లే లేకపోతే జిగురెక్కడిది? బీచ్, ఓక్ చెట్లున్న కింది వాలులే ఇప్పుడు అసలైన అడవి.

పేరు సంగతి కూడా తమాషాగా ఉంది. ఈ కొండల్ని ఇక్కడివాళ్లు చాలాకాలం 'హోయె' అనేవాళ్లట, అంటే 'ఎత్తు' అని అంతే. టౌనస్ అనేది రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాతల్లోంచి తర్వాతి కాలంలో తెచ్చి తగిలించిన పేరు. మన దగ్గర చక్కటి తెలుగు ఊరి పేరుకు సంస్కృతం తొడిగినట్టే. పాత పేరు బాడ్ హోంబర్గ్ పూర్తి పేరు చివర మాత్రం ఇంకా మిగిలింది: 'ఫోర్ డేర్ హోయె', ఎత్తుకు ముందున్న ఊరు.

బస కొండల్లోని కోనిగ్‌స్టైన్ అనే ఊళ్లో. గెస్ట్‌హౌస్ శుభ్రంగా ఉంది, గది కిటికీలోంచి పాత కోట కనిపించేది. కానీ సాయంత్రం ఆరు తర్వాత రిసెప్షన్‌లో ఎవరూ ఉండరన్న ముక్క బుకింగ్‌లో ఎక్కడో చిన్న అక్షరాల్లో రాశారు. ఆరుంబావుకు చేరాం. తాళం ఉన్న డబ్బా కోడ్ కోసం ముప్పావుగంట ఫోన్లు, టెన్షన్. పొద్దున టిఫిన్‌కి రొట్టె, చీజ్ పుష్కలం. అమ్మ మాత్రం ఇంటి నుంచి తెచ్చిన పులిహోరతోనే సరిపెట్టుకుంది. కోట దగ్గర మాత్రం కాళ్లు నొప్పెట్టినా తిరగాలి. 1796లో ఫ్రెంచి సైన్యం వెళ్తూ పేల్చేసిన శిథిలం అది. దాని బురుజు మీంచి ఫ్రాంక్‌ఫర్ట్ మేడలన్నీ కనిపించాయి, ఫెల్డ్‌బెర్గ్ చూపించనివన్నీ.

జాల్‌బుర్గ్ రోమన్ కోటకు సగం రోజు చాలదు. రోమన్ సామ్రాజ్యం సరిహద్దు ఈ కొండల మీదుగానే పోయేది. ఆ గీత కాపలాకి కట్టిన కోటను జర్మనీ చక్రవర్తి (కైజర్) రెండో విల్హెల్మ్ చొరవతో 1897 నుంచి పదేళ్లపాటు మళ్లీ నిలబెట్టారు. పునాదులు పాతవి, గోడలు కొత్తవి. ఇది తెలిసి చూస్తే మోసపోయామనిపించదు.

నన్ను కట్టిపడేసింది మాత్రం బాడ్ హోంబర్గ్ పార్కు. కొండల దక్షిణపు అంచున నేల పెద్ద పగులు మీదుగా కిందికి కుంగింది. లోతుకు ఇంకిన నీరు ఉప్పునీ గ్యాస్‌నీ కలుపుకుని ఆ పగుళ్లలోంచి పైకొస్తుంది. వీస్‌బాడెన్‌లో దాదాపు 66 డిగ్రీల వేడితో ఉబికేదీ, బాడ్ నౌహైమ్ ఊటలూ ఈ అంచు పుణ్యమే. సోడాకి జర్మన్లు వాడే 'సెల్టర్స్' మాట కూడా టౌనస్‌లోని నీడర్‌సెల్టర్స్ ఊరిదే. పార్కులో ఎలిజబెత్ ఊట నీళ్లు గుక్కెడు తాగి, "గోలీసోడాలో ఉప్పు పోసి ఇనప గరిటె తిప్పినట్టుందిరా" అన్నారు నాన్న. అంతకన్నా సరిగ్గా నేను చెప్పలేను. ఆ పక్కనే సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) రాజు చులాలోంగ్‌కోర్న్ కానుకగా పంపిన మండపం బంగారు రంగులో మెరుస్తోంది. 1907లో ఆయనా ఈ నీళ్ల వైద్యానికే వచ్చాడు.

మళ్లీ వెళ్తే బస బాడ్ హోంబర్గ్‌లోనే. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఎస్‌-బాన్ (లోకల్ రైలు) నేరుగా ఉంది, ఐదుగురి దాకా చెల్లే గ్రూపు డే టికెట్ తీసుకుంటే చవక. ఆదివారం కొండ మీది బస్సుల్ని నమ్ముకోకండి. మాకొకటి తప్పిపోయి, తర్వాతి దానికి గంటసేపు చలిలో నిలబడ్డాం. షాపులు కూడా మూసేస్తారు, తినడానికేదైనా శనివారమే కొనిపెట్టుకోండి.

అమ్మ ఓ సీసాడు ఊట నీళ్లు ఇంటికి పట్టుకొచ్చింది. మర్నాటికి బుసబుసలు పోయి అడుగున ఎర్రటి మడ్డి చేరింది. కరివేపాకు కుండీలో పోయబోతుంటే, ఉప్పునీళ్లమ్మా అని సీసా లాక్కున్నాను.