మెంతులకి ఈఎంఎస్సా, సోడియం అజైడా?

ప్రాజెక్టుల సీజన్ వచ్చిందంటే అమలాపురంలో మా డిగ్రీ పిల్లలు ఏటా అడిగేది ఇదే. "మెంతుల్లో మ్యుటేషన్లు తెప్పించాలంటే ఏది మేలు సార్?"

ఈఎంఎస్ (ఇథైల్ మీథేన్ సల్ఫోనేట్), సోడియం అజైడ్ రెండూ గింజల జన్యువుల్లో మార్పులు, అంటే మ్యుటేషన్లు, తెప్పించే మందులు. రెండూ ఎక్కువగా డీఎన్ఏలోని జీ-సీ (గ్వానిన్-సైటోసిన్) జంటను ఏ-టీ (అడెనిన్-థైమిన్)గా మార్చేవే, దారే వేరు. ఈఎంఎస్ నేరుగా గ్వానిన్‌కి ఇథైల్ గుంపు తగిలిస్తుంది, ఆ గ్వానిన్ సైటోసిన్‌ని వదిలేసి థైమిన్‌తో జతకడుతుంది. అజైడ్ తనంతట తాను ఏమీ చేయదు, మొక్క కణమే దాన్ని అజిడోఅలనిన్ అనే పదార్థంగా మార్చుకోవాలి. అది బార్లీలో బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ల్యాబుల్లో ప్రయోగాలకి వాడే చిన్న మొక్క అరాబిడాప్సిస్‌లో పెద్దగా లేదు.

నా లెక్కలో తేల్చేది మాత్రం మన వేడి. ఈఎంఎస్ నీళ్లలో కరిగిన దగ్గర్నుంచీ విరిగిపోతూనే ఉంటుంది. సగానికి తగ్గడానికి 20 డిగ్రీల దగ్గర సుమారు 93 గంటలు, 30 దగ్గర 26, 37 దగ్గర పదే. విరిగితే పుట్టే ఆమ్లం గింజని దెబ్బతీస్తుంది, అందుకే బఫర్‌లో, అంటే పీహెచ్ మారనివ్వని ద్రావణంలో, కలపమనేది. ఏసీ గదిలో తేల్చిన డోసును మన కోనసీమ ఎండాకాలంలో దించితే మొలక శాతం పడిపోతుంది, వచ్చినవి గిడసబారతాయి. వాటిని చూసి మ్యుటెంట్ దొరికిందని సంబరపడొద్దు, ఎం1లో, అంటే మందు పెట్టిన గింజ నుంచి మొలిచిన తొలి తరంలో, కనపడే పొట్టితనంలో చాలామటుకు మందు దెబ్బే. తెల్లమొక్కలు, పసుపుమొక్కలు బయటపడేది దాని తర్వాతి తరం ఎం2లో, అదీ ఏ మొక్క గింజ ఆ మొక్కకి విడిగా దాచుకుంటేనే. మెంతి ఎక్కువగా స్వపరాగ సంపర్కం కాబట్టి ఆ పని తేలిక. కొత్తిమీర అయితే తేనెటీగలు కలిపేస్తాయి, సంచులు కట్టాలి.

అయినా నా ఓటు ఈఎంఎస్‌కే. వేడిని అదుపు చేసుకోవచ్చు, చలికాలంలో అప్పటికప్పుడు కలుపుకుంటే చాలు. అజైడ్ బాగా పనిచేయాలంటే పీహెచ్ 3 దగ్గర ఉంచాలి, అక్కడ హైడ్రజోయిక్ ఆమ్లం ఆవిరి లేస్తుంది, అది మహా విషం. మన కాలేజీల్లో విషపు ఆవిరిని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ ఉన్నా అందులో పాత రికార్డులే ఉంటాయి. పైగా మిగిలింది సింకులో పోస్తే రాగి, సీసం గొట్టాల్లో పేలే పదార్థం తయారవుతుంది. ఈఎంఎస్ సాధువేమీ కాదు, క్యాన్సర్ అనుమానం ఉన్న ద్రవం. గ్లౌజులు తప్పనిసరి, మిగిలినదాన్ని సోడియం థయోసల్ఫేట్‌లో చంపాలి.

కడియం నర్సరీల వాళ్లు అడిగే కోల్చిసిన్ అనే మందు వేరే సంగతి. అది జన్యువుని మార్చదు, క్రోమోజోములను రెట్టింపు చేస్తుంది. ఆకు మందమవుతుంది, ఎదుగుదల నెమ్మదిస్తుంది, గింజ తగ్గుతుంది. ఆకు కోసం పెంచే దవనం, మరువం మీద చూడొచ్చు, మెంతులకి వద్దు.