జాగ్రత్త: రివ్యూల పద్ధతి రాత్రికి రాత్రి మారిన చోట సరుకు కొనేముందు

ఆన్‌లైన్‌లో వంటింటి సామాను కొనే తోటి కొనుగోలుదారులకు ఈ హెచ్చరిక. మీరు అలవాటుగా కొనే సైటులో కొన్నవాళ్ల రివ్యూలు, వ్యాఖ్యలు కనిపించే తీరు ఒక్కసారిగా మారిందంటే, పేజీకి కొత్త రంగు వేశారులే అనుకుని వెంటనే ఆర్డరు పెట్టకండి. అలాంటి మార్పు జరిగిన తర్వాత కొంతకాలం పాటు అక్కడి మెచ్చుకోలునూ నమ్మలేం, తిట్లనూ నమ్మలేం. నాకు జరిగినది, ఇదివరకు పెద్ద వేదికల మీద జరిగినది కలిపి వివరిస్తాను. ఫిర్యాదు నడుస్తున్నందువల్ల సైటు పేరు గానీ కంపెనీ పేరు గానీ రాయడం లేదు.

ఆ సైటులో ఇంతకుముందు ప్రతి వస్తువు కింద స్టార్లతో కూడిన రివ్యూలతో పాటు, కొనబోయేవారి ప్రశ్నలకు కొన్నవారు జవాబులిచ్చే భాగం ఒకటి ఉండేది. నా దృష్టిలో అసలు విలువంతా దానిదే. మిక్సీ సంగతే తీసుకుంటే, మోటారు ఎన్ని వాట్లో, జార్లు ఎన్నో మాత్రమే కంపెనీ చెబుతుంది. నానబెట్టిన మినప్పప్పు రుబ్బితే జారు అడుగున బ్లేడు ఇరుసు తిరిగే బుష్ దగ్గర నీరు కారుతుందా, కారిన నీరు మోటారులోకి దిగుతుందా, ఎండుకొబ్బరి వేస్తే మోటారుకూ జారుకూ లంకె వేసే కప్లర్ పళ్లు అరిగిపోతాయా, జిల్లా కేంద్రంలో సర్వీస్ సెంటర్ నిజంగా తెరిచి ఉంటుందా అన్నవి కొన్నవాళ్లే చెప్పాలి. నెలల తరబడి వాడాక తిరిగి వచ్చి, “ఇప్పుడు పరిస్థితి ఇదీ” అని తమ పాత మాటకు చేర్పు రాసే ఓపికమంతులు కూడా అక్కడ ఉండేవారు.

ఏ కబురూ లేకుండా ఆ ప్రశ్నలు జవాబుల భాగం మొత్తం మాయమైంది. దాని స్థానంలో, రివ్యూలను యంత్రం చదివి రాసిన పొట్టి సారాంశం ఒకటి వచ్చి కూర్చుంది. రివ్యూలు తేదీ వరుసలో కాకుండా సైటు ఎంచిన వరుసలో కనబడసాగాయి. నేను మిక్సీ కొన్నది ఆ మార్పు తరువాతే. “శబ్దం తక్కువ, రంగు బాగుంది, త్వరగా వచ్చింది” అని సారాంశం చెప్పింది. అవి మూడూ నిజమే. అయితే ఇడ్లీపిండి రుబ్బడం మొదలుపెట్టిన కొద్ది రోజులకే పెద్ద జారు అడుగు నుంచి కారడం మొదలైంది. జారు ఎత్తి చూస్తే కప్లర్ చుట్టూ పిండి, గ్రీజు కలిసిన బూడిదరంగు ముద్ద పేరుకుని ఉంది. వేలు పెడితే నల్లటి మసి అంటుకుంది. రిటర్న్ గడువు దాటిందని సైటు వాళ్లు, జారు లీకు వారంటీలోకి రాదని సర్వీస్ సెంటర్ వాళ్లు చేతులు దులుపుకున్నారు.

అప్పుడు తీరిగ్గా రివ్యూలన్నీ తెరిచి చదివితే విషయం బోధపడింది. పైన కనిపించే పొగడ్తల్లో చాలావరకు ఈ మిక్సీవి కావు. కొన్ని అదే కంపెనీ పాత మోడల్‌వి, కొన్నయితే చేత్తో పట్టుకుని వాడే బ్లెండర్‌వి. “మజ్జిగ బాగా చిలుకుతోంది, చేతిలో తేలిగ్గా ఉంది” అని ఒకాయన రాశాడు. ఇంత బరువైన మిక్సీని చేత పట్టుకుని మజ్జిగ చిలికే భీమసేనుడు ఈ కాలంలో ఉంటాడని నేననుకోను. కొత్త పద్ధతిలో వేర్వేరు వస్తువులను ఒకే వస్తువులోని రకాలుగా చూపించి, వాటి స్టార్లన్నీ ఒకే రాశిగా పోశారన్నమాట. ఈ విద్య కొత్తదేమీ కాదు. అమెరికాలో వినియోగదారులను మోసాల నుంచి కాపాడే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 ఫిబ్రవరిలో బౌంటిఫుల్ అనే విటమిన్ల కంపెనీ మీద సరిగ్గా ఇలాంటి అభియోగమే మోపింది. అమెజాన్‌లో తన కొత్త సరుకును బాగా అమ్ముడుపోయే పాత సరుకుతో రకాలుగా కలిపించి, పాతదాని రేటింగులను కొత్తదానికి అంటగట్టిందన్నది ఆ అభియోగం. ఆ వ్యవహారంలో కంపెనీ 6 లక్షల డాలర్లు చెల్లించవలసివచ్చింది.

ఇక కొన్నవాళ్లు ఈ మార్పును ఎలా ఎదుర్కొన్నారన్నది కూడా చెప్పాలి, ఎందుకంటే మన కోపం కొన్నిసార్లు మన తోటివారినే తప్పుదోవ పట్టిస్తుంది. జవాబుల భాగం పోయిందని మండిపడ్డవాళ్లు ఆ కోపాన్ని దొరికిన చోటల్లా వెళ్లగక్కారు. సంబంధం లేని ప్రెషర్ కుక్కర్లకు, గ్యాస్ పొయ్యిలకు ఒక్క స్టారు ఇచ్చి, “మా జవాబులు మాకు తిరిగివ్వండి” అని రాశారు. మరికొందరు తెలివిగా విడి జార్ల రబ్బరు వాషర్ అమ్మే పేజీని పట్టుకుని, అక్కడ రివ్యూల రూపంలో ప్రశ్నలు జవాబులు నడిపించారు. ఆ వాషర్ పేజీ వల్ల నాకు నిజంగా మేలు జరిగింది గానీ, ఒక్క స్టారు ఉద్యమాన్ని మాత్రం నేను సమర్థించలేను. దానివల్ల సైటుకు చీమ కుట్టినట్టయినా ఉండదు; నష్టపోయేది మంచి కుక్కరు అమ్ముకునే చిన్న వ్యాపారి, ఆ స్టార్లు చూసి వెనక్కు తగ్గే గృహిణి.

యూట్యూబ్‌లోనూ ఇదే వరస నడిచింది. 2013 నవంబరులో వ్యాఖ్య రాయాలంటే గూగుల్ ప్లస్ (గూగుల్ అప్పట్లో నడిపిన సోషల్ నెట్‌వర్క్) ఖాతా ఉండాలన్నప్పుడు, యూట్యూబ్ సహవ్యవస్థాపకుడు జావేద్ కరీం సైతం తన తొలి వీడియో దగ్గరే అభ్యంతరం రాశాడు. వ్యతిరేకిస్తూ పెట్టిన వినతిపత్రానికి రెండు లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. వ్యాఖ్యల నిండా అక్షరాలతో కట్టిన బొమ్మలు నింపి నిరసన తెలిపారు. ఆ బొమ్మల మధ్య పనికొచ్చే మాట వెతుక్కోవడం మామూలు ప్రేక్షకుడికి గగనమైంది. గూగుల్ ఆ పట్టు సడలిస్తున్నట్టు ప్రకటించింది 2015లో. 2021 నవంబరులో డిస్‌లైకుల సంఖ్యను దాచడం కొనుగోలుదారులకు ఇంకా దగ్గరి దెబ్బ, ఎందుకంటే మిక్సీ జారు బుష్ మార్చే విధానం చూపే వీడియో సరైనదో కాదో ఒక్క చూపులో తేల్చిచెప్పే గుర్తు అదొక్కటే. దాన్ని తిరిగి చూపిస్తామంటూ బ్రౌజర్‌కు తగిలించుకునే ఎక్స్‌టెన్షన్ ఒకటి వచ్చింది గానీ, ఇప్పుడది చూపేది పాత లెక్కల మీదా, దాన్ని వాడేవారి మీదా ఆధారపడిన అంచనానే తప్ప అసలు లెక్క కాదు.

సినిమాల సమాచారం ఇచ్చే సైటు ఐఎమ్‌డీబీ 2017లో తన చర్చావేదికలను మూసేసినప్పుడు ఫిబ్రవరి 3న ప్రకటించి 20న మూసింది. రెండు వారాలకు పైగా గడువు దొరకడంతో అక్కడివాళ్లు చర్చలను వేరేచోటికి ఎత్తి దాచుకోగలిగారు. మాకు ఆ గడువు లేదు. అందువల్ల అందరూ ఎక్కడివాళ్లక్కడ చెదిరిపోయి, హడావుడిగా టెలిగ్రామ్ గుంపుల్లో చేరారు. నా హెచ్చరికలో అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది ఈ గుంపుల గురించే. పాత చోట ఎవరు నిజంగా కొన్నారో సైటు గుర్తు వేసి చూపేది. కొత్త గుంపులో ఎవరు ఎవరో తెలియదు. మా గుంపులో ఒకావిడ తన మిక్సీ బాధ చెప్పుకుని ఆర్డరు నంబరు కూడా పెట్టగానే, కంపెనీ సర్వీసు మనిషినంటూ ఒకడు ఆవిడకు విడిగా మెసేజి పెట్టాడు. “రీప్లేస్‌మెంట్ నమోదుకు పది రూపాయలు కట్టండమ్మా, ఈ యాప్ దించుకోండి” అన్నాడు. అది ఫోన్ తెరను అవతలివాడికి చూపించే యాప్. ఆవిడ కొడుకు చూసి ఆపాడు కాబట్టి సరిపోయింది. ఇలాంటి వాటిలో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930 నంబరుకు ఫోన్ చేయాలి.

కాబట్టి రివ్యూల తీరు మారిన సైటులో స్టార్ల సగటును పక్కనపెట్టి, తాజా తేదీలవి తెరిచి, ఒక్కొక్క రివ్యూ కింద ఏ మోడల్, ఏ రకం అని రాసివుందో చూడండి. కొనే రోజున వస్తువు పేజీకి, రిటర్న్ షరతులకు స్క్రీన్‌షాట్లు తీసిపెట్టుకోండి. పేజీ మారిపోయాక మన దగ్గర మిగిలే సాక్ష్యం అదే. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం సైటుకు ఫిర్యాదుల అధికారి ఉండాలి, ఆయన 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. అమ్మకందారు కొనుగోలుదారు వేషంలో రివ్యూ రాయడాన్ని కూడా ఆ నిబంధనలు నిషేధిస్తున్నాయి. రివ్యూల సేకరణ, వడపోత, ప్రచురణ ఎలా ఉండాలో చెప్పే ఐఎస్ 19000:2022 అనే ప్రమాణాన్ని మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ తెచ్చింది గానీ, దాన్ని స్వచ్ఛందం చేసి వదిలేశారు. అధికారి పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

నా ఫిర్యాదుకు నమోదు సంఖ్య వచ్చింది, నెల గడువు ఇంకా నిండలేదు. డబ్బు వాపసు ఇచ్చినా ఇవ్వకపోయినా, వాళ్లు రాసిచ్చే జవాబును ఇక్కడే పెడతాను. జారు లీకు మీకూ ఎదురై ఉంటే మోడల్ నంబరు, కొన్న నెల, ఏం రుబ్బినప్పుడు కారిందో కింద రాయండి. ఆర్డరు నంబరు, ఫోన్ నంబరు మాత్రం రాయకండి.