గల్ఫ్ పోయేటోళ్ళకి ఏది మేలు: రెండు దేశాల ఒప్పందమా, అందరూ కలిసి రాసుకున్నదా?

మా జగిత్యాల వైపు గల్ఫ్‌లో మనిషి లేని ఇల్లు వెతకాలి, అందుకే వలసల ఒప్పందం అని వార్త కనబడితే వదలకుండా చదువుతా.

పెద్దది గ్లోబల్ కాంపాక్ట్, అంటే వలసల మీద ప్రపంచ దేశాలు కలిసి రాసుకున్న ఒప్పందం. 2018 డిసెంబర్‌లో మర్రాకేష్‌లో ఒప్పుకున్నారు, తర్వాత ఐక్యరాజ్యసమితిలో 152 దేశాలు ఓటేశాయి, అమెరికాతో కలిపి 5 వద్దన్నాయి. ఏజెంటు ఫీజు పనివాడి నెత్తిన వెయ్యొద్దని కూడా అందులో ఉంది, చదివితే కడుపు నిండుద్ది, కానీ చట్టబలం లేదు, కఫీల్ (అక్కడ వీసా ఇచ్చి పనిలో పెట్టుకునే యజమాని) పాస్‌పోర్ట్ లాక్కుంటే ఆ కాయితం పట్టుకుని ఎక్కడికి పోతాం? వలస కార్మికుల హక్కుల మీద 1990 నాటి ఐరాస కన్వెన్షన్‌కి బలముంది, అయితే గల్ఫ్ దేశాలు ఒక్కటీ అందులో చేరలేదు, మనమూ చేరలేదు.

రెండు దేశాలు కూర్చుని రాసుకునేది కాస్త పని చేస్తుంది. 2018లో కువైట్‌లో ఒక ఫిలిప్పీన్స్ పనిమనిషి శవం ఫ్రీజర్‌లో దొరికితే ఆ దేశం మనుషుల్ని పంపడమే ఆపేసింది, అదే ఏడాది మే నెలలో కువైట్ సంతకం పెట్టింది, పాస్‌పోర్ట్ లాక్కోకూడదు, ఫోన్ దగ్గర ఉంచుకోనివ్వాలి అని. మనం కూడా ఇంటిపనివాళ్ళ కోసం కువైట్‌తో 2021 జూన్‌లో ఒప్పందం చేసుకున్నాం, కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్ళకి ఇది చాలా అవసరం.

కానీ ఇక్కడే తిరకాసు. ఎవరికి వారు బేరమాడితే రేటు పడిపోతుంది. 2020 సెప్టెంబర్‌లో కరోనా టైంలో, వేరే దేశాలోళ్ళు తక్కువకి వస్తున్నారు మనోళ్ళ ఉద్యోగాలు పోతాయని మన కేంద్రమే గల్ఫ్ పోయే మనోళ్ళకి తాను పెట్టిన కనీస వేతనాలు 30 నుంచి 50 శాతం దాకా కోసేసింది, అంటే యజమాని అడక్కముందే మనమే తగ్గించి ఇచ్చాం అన్నమాట! తెలంగాణ హైకోర్టు దాకా పోయింది, 2021లో వెనక్కి తీసుకున్నారు.

అందుకే నా ఓటు మూడోదానికి, పంపే దేశాలన్నీ ఒక మాట మీద ఉండటం. కొలంబో ప్రాసెస్ అని 2003 నుంచి ఉంది, మనతో పాటు నేపాల్, బంగ్లాదేశ్, ఫిలిప్పీన్స్ అందరూ ఉన్నారు. ఇప్పటికైతే మీటింగులే, కట్టుబడేది ఏమీ లేదు. వీళ్ళంతా కలిసి తాపీమేస్త్రికి ఇంతకి తగ్గొద్దని ఒక్క రేటు పెడితే చాలు, దానిమీద ఎవరి ఒప్పందం వాళ్ళు రాసుకోవచ్చు.

ఇక విజిట్ వీసా మీద పోయి పనిలో చేరేటోళ్ళు ఏ లెక్కలోకీ రారు, విదేశాల్లో పనికి పోయేటోళ్ళ పేర్లు నమోదు చేసే సర్కారు వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌లో పేరు ఎక్కకపోతే వాళ్ళకిచ్చే 10 లక్షల బీమా కూడా ఉండదు.