పాడుబడ్డ ఇల్లు: కూల్చడమా, బాగుచేయడమా? డెట్రాయిట్ వీధుల లెక్క

1950లో డెట్రాయిట్ జనాభా సుమారు 18.5 లక్షలు. 2020 జనగణన నాటికి మిగిలింది 6.39 లక్షలు. మనుషులు వెళ్లిపోయారు, ఇళ్లు ఉండిపోయాయి. 2014లో ఊళ్లోని దాదాపు 3.8 లక్షల స్థలాలను ఒక్కొక్కటీ చూసి లెక్కగట్టిన బృందం, 40,077 కట్టడాలు పాడుబడ్డాయని తేల్చింది. ఈ ఇళ్ల పని కోసం నగరం 25 కోట్ల డాలర్ల బాండుతో అప్పు తెచ్చుకోవడానికి 2020 నవంబరులో ఓటర్లు సరేనన్నారు. అందులో లక్ష్యం కూడా చెరిసగమే: 8,000 ఇళ్లు కూల్చడం, 8,000 ఇళ్లు నిలబెట్టడం. ఊరి మొత్తానికి ఈ పంపకం బాగానే ఉంటుంది. మీ పక్కనున్న ఒక్క ఇంటి విషయంలో మాత్రం ఏదో ఒకటి తేల్చుకోవాలి.

వీధి సంఘాలు సాధారణంగా ఇటుక గోడల అందం చూసి ‘దీన్ని కాపాడాలి’ అంటాయి. చూడాల్సింది పైకప్పు. కప్పుకు చిల్లు పడ్డాక నీళ్లు అటకలోంచి పై అంతస్తు దూలాల్లోకి దిగుతాయి, దూలాల చివరలు గోడలో కూర్చున్న చోటే కుళ్లుతాయి. మిషిగన్ చలిలో, ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేసు ఆగితే పైపుల్లో మిగిలిన నీళ్లు గడ్డకట్టి పైపులు పగులుతాయి. ఎండలు వచ్చి మంచు కరిగాక, వీధి దగ్గర నీళ్లు కట్టేయని ఇంట్లో బేస్‌మెంట్ నిండిపోతుంది. అందుకే కప్పు గట్టిగా ఉన్న ఇంటికీ, చిల్లు పడి రెండు చలికాలాలు గడిచిన ఇంటికీ మరమ్మతు ఖర్చులో పోలికే ఉండదు.

బాగుచేయడంలో అసలు చిక్కు పనిలో కాదు, బ్యాంకులో ఉంది. రాగి పైపులు, ఫర్నేసు, వాటర్ హీటరు దొంగలు ఎత్తుకెళ్లి ఉంటారు. వైరింగు పాతది. 1978కి ముందు కట్టిన ఇల్లయితే రంగులో సీసం ఉందనుకునే పని మొదలుపెట్టాలి. ఉదాహరణకు వీటన్నిటికీ 80 వేల డాలర్లయిందనుకుందాం. ఆ వీధిలో ఇళ్లు 50 వేలకే అమ్ముడుపోతుంటే మదింపుదారు అంతకు మించి విలువ రాయడు, బ్యాంకు అప్పివ్వదు. ఆ 30 వేల తేడాను ఎవరో ఒకరు భరించాలి: గ్రాంటో, స్వచ్ఛంద సంస్థో, అక్కడే కాపురం ఉండబోయే కొనుగోలుదారో. అద్దెల కోసం కొనేవాడు భరించడు. పాడుబడ్డ ఇళ్లనూ జాగాలనూ తన చేతిలోకి తీసుకుని అమ్మే ప్రభుత్వ సంస్థ ల్యాండ్ బ్యాంకు. వెయ్యి డాలర్ల నుంచి పాట మొదలయ్యే దాని ఇళ్లను చూసి డెట్రాయిట్ శివారు ఊళ్లు నోవై, ట్రాయ్‌లలోని మనవాళ్లకూ మనసు లాగొచ్చు. ఆ పాటతో పాటు ఆరు నెలల్లో ఇంటిని నివాసయోగ్యం చేయాలన్న షరతూ వస్తుంది. క్లీవ్‌లాండ్ ఉన్న కయహోగా కౌంటీలో ఇంకా గట్టి పద్ధతి ఉంది: పని పూర్తయ్యేదాకా దస్తావేజు కొన్నవాడి చేతికి రాదు. మాకు ఇదే నచ్చుతుంది. సగంలో వదిలేసి పోయే కాంట్రాక్టర్లను ఇది మొదట్లోనే వడకడుతుంది.

కూల్చడం చూడ్డానికి ఒక్క పూట పని. ముందూ వెనకా ఉన్నదే ఎక్కువ. ఆస్‌బెస్టాస్ సర్వే చేయించాలి, దొరికితే తీయించాలి, కూల్చే తేదీకి పది పనిదినాల ముందు నోటీసివ్వాలి. గ్యాసు, కరెంటు, నీళ్లు ఇంటి దగ్గర కాదు, వీధి దగ్గరే తెంచాలి. మురుగు పైపుకు బిరడా వేయాలి. యంత్రం కదులుతున్నంతసేపూ గొట్టంతో నీళ్లు కొట్టాలి, లేకపోతే సీసం ధూళి పక్కింటి పిల్లల ఆటస్థలంలో పడుతుంది. పునాది గోడలు, బేస్‌మెంట్ నేల కూడా పెకలించాక, గుంత తెరిచి ఉండగానే తనిఖీ జరగాలి. ఇక్కడే మోసం జరుగుతుంది, ఎందుకంటే పూడ్చేశాక లోపల ఇటుక ముక్కలున్నాయో మట్టి ఉందో ఎవరికీ కనపడదు. 24 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు, 7 అడుగుల లోతు గుంతకు 5,040 ఘనపుటడుగుల మట్టి కావాలి. 12 ఘనపు గజాలు పట్టే లారీతో పదిహేను, పదహారు లోడ్లు. దిమ్మిస చేస్తే ఇంకొన్ని. నాలుగే లారీలు వచ్చి వెళ్లాయంటే వీధి సంఘం ఫోటోలు తీసి ఫిర్యాదు చేయాల్సిందే. సరిగ్గా దిమ్మిస చేయని స్థలం కుంగి, వాన పడినప్పుడల్లా నీటిగుంట అవుతుంది.

మూడో దారి, తలుపులూ కిటికీలూ మూసి ఆపి ఉంచడం. చౌక. కానీ ప్లైవుడ్‌ను స్క్రూలతో బిగిస్తే ఒక గడ్డపారతో ఊడొస్తుంది. లోపలి వైపు అడ్డంగా రెండు అంగుళాలు బై నాలుగు అంగుళాల కర్రలు పెట్టి, బోల్టులతో బయటి పలకను లోపలికి లాగి బిగించాలి. గాలి ఆడేలా చిన్న సందులు వదలకపోతే బూజు గోడలను తినేస్తుంది. కప్పు మీద టార్పాలిన్ కొన్ని నెలలే ఆగుతుంది. కొనేవాడో గ్రాంటో కంటికి కనపడుతుంటేనే ఈ దారి. లేకపోతే ఇది డబ్బు పెట్టి చేసే ఆలస్యం.

అయితే ఏది మేలు? వీధిలో పదింట ఎనిమిది ఇళ్లలో మనుషులుండి, కప్పు నిలిచి ఉంటే, లోటు పూడ్చైనా బాగుచేయించండి. అక్కడ ఒక్క ఖాళీ జాగా కూడా పక్కిళ్ల ధర తగ్గిస్తుంది. పదింట మూడే మిగిలిన చోట, కప్పు పోయిన ఇంటికి ఖర్చు పెట్టడం అనవసరం, కూల్పించండి. మధ్యలో ఉన్న వీధుల్లో ముందుగా మూలమీద ఇంటిని, బడికెళ్లే దారిలోని ఇంటిని తేల్చాలి. ఈ లెక్క డెట్రాయిట్ విడివిడి ఇళ్లకే. బాల్టిమోర్‌లో వరస ఇళ్లకు ఉమ్మడి గోడలు. మధ్యలో ఒకటి తీస్తే అటూ ఇటూ గోడలకు కొత్తగా పూత, నీటి రక్షణ చేయాలి. కాబట్టి అక్కడ కూల్చితే వరస మొత్తం కూల్చాలి, లేదంటే కోర్టు ద్వారా రిసీవర్‌ను, అంటే యజమాని బదులు ఇంటి బాధ్యత చూసే వ్యక్తినో సంస్థనో, పెట్టించి వేలం వేయించాలి.

కూల్చాక జాగాను ఎవరు చూస్తారన్నది ఒప్పందం రాసేటప్పుడే తేల్చుకోండి. ఫిలడెల్ఫియాలో 541 ఖాళీ స్థలాలపై చేసిన పరిశోధన 2018లో వెలువడింది. చెత్త తీసి, గడ్డి వేసి, చిన్న చెక్క కంచె కట్టి, తర్వాత క్రమంగా కోయించిన చోట్ల, పేద పేటల్లో తుపాకీ నేరాలు 29 శాతం తగ్గాయి. డెట్రాయిట్‌లోనైతే ఆ జాగాను ఆనుకుని సొంత ఇల్లున్నవాళ్లు ల్యాండ్ బ్యాంకు నుంచి 100 డాలర్లకు కొనుక్కోవచ్చు. కొన్న రోజు నుంచీ పన్నూ, గడ్డి కోతా వాళ్లవే.