గట్టు మీద టేకు: గుండుగుత్తగా అమ్మడమా, పర్మిట్ తెచ్చుకుని కొలిచి అమ్మడమా? ఏది మేలు?

మా చిన్నాన్న పొలంగట్టు మీద 14 టేకు చెట్లుండేవి. మాది నల్లమలకు దగ్గర ఊరు. మొన్న వేసవిలో ఒక బేరగాడు వచ్చాడు. చెట్టు చుట్టూ చేతులు వేసి చూశాడు, పైకోసారి తలెత్తి చూశాడు, మొత్తానికి ఇంత అని ఒక రేటు చెప్పాడు. "కోత మాది, కూలీ మాది, ఫారెస్టోళ్ల సంగతి కూడా మేమే చూసుకుంటామన్నా. నువ్వు నాలుగు సంతకాలు పెడితే చాలు" అన్నాడు.

వినడానికి హాయిగానే ఉంటుంది. ఎందుకంటే రెండో దారి నిజంగానే తిరుగుడు పని. పట్టా భూమిలో మనం పెంచిన చెట్టే అయినా, టేకు నరకాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. నరికిన దుంగ ఊరు దాటాలంటే 1967 అటవీ చట్టం, 1970 రవాణా నిబంధనల ప్రకారం పర్మిట్ వేరే. పాస్‌బుక్ నకలు, భూమి మనదేనని రెవెన్యూ వాళ్ల కాగితం పట్టుకుని అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకు వెళ్లాలి. వాళ్లు వచ్చి చెట్లు చూస్తారు. కోత అయ్యాక దుంగలకు నంబర్లు వేసి, పొడవూ చుట్టుకొలతా రాసుకుని, సుత్తితో ముద్ర కొడతారు.

ఈ తతంగం ఎందుకంటే, లారీలో ఉన్న టేకు దుంగ గట్టు మీదిదో అడవిలోదో చూసి ఎవరూ చెప్పలేరు. ముద్ర, కాగితం ఉంటేనే తేడా తెలుస్తుంది.

గుండుగుత్తలో నాకు నచ్చనిది రేటు కంటే ఆ నాలుగు సంతకాలు. తిరిగేది బేరగాడే అయినా దరఖాస్తు పట్టాదారు పేరు మీదే పోతుంది. మన పర్మిట్ లోడులో ఎక్కడివో రెండు అడవి దుంగలు కలిపితే, పట్టుబడిన రోజు మొదట పిలిచేది మననే. ఖాళీ ఫారాల మీద సంతకం మాత్రం ఎవరు అడిగినా పెట్టకండి.

ఇక కొలత. 3 అడుగుల చుట్టుకొలత, 10 అడుగుల పొడవు ఉన్న దుంగను తీసుకోండి. కలప అమ్మే అడితిలో చుట్టుకొలతను నాలుగో వంతు చేస్తారు, అంటే 9 అంగుళాలు. 9ని 9తో, ఆపైన 10 అడుగులతో గుణించి 144తో భాగిస్తే 5.6 ఘనపుటడుగులు వస్తుంది. నిజంగా ఆ దుంగలో ఉన్న కలప 7.1 పైనే. ఇది మోసం కాదు, కోతలో పోయే పొట్టును లెక్కేసి ఎప్పటినుంచో నడుస్తున్న పద్ధతి. కానీ గుండుగుత్త బేరగాడు ఈ తగ్గింపు చేసుకున్నాక, "చేవ (లోపలి గట్టి కలప) తక్కువుంది" అని ఇంకాస్త కొడతాడు. టేపు మన చేతిలో లేనప్పుడు ఎంత కొట్టాడో మనకు తెలియదు.

అలాగని అంతా సొంతంగా చేయడం గొప్పేం కాదు. రెండేళ్ల క్రితం మా అయిదు చెట్లు నేనే తోలాను. బయల్దేరే పొద్దున మాట్లాడుకున్న లారీ టైరు పేలింది, డ్రైవరు ఇంకో బండి పంపాడు. పర్మిట్‌లో పాత బండి నంబరే ఉంది. చెక్‌పోస్టులో ఆపేశారు. గడువు సాయంత్రంతో అయిపోతుందని ఒకటే టెన్షన్. కూలీలు, రెండో లారీ బాడుగ, తిరుగుడు లెక్కేసుకుంటే నాకు మిగిలింది బేరగాడు ఇస్తానన్న దానికంటే కొంచెమే ఎక్కువ.

అందుకే అయిదారు సన్న చెట్లయితే గుండుగుత్తే నయం, దరఖాస్తు మాత్రం మీరే ఇవ్వండి. ఎకరం తోట అయితే రెండు మూడు అడితుల్లో రేటు కనుక్కుని అంతా మీరే చేసుకోవచ్చు, ఖర్చు కిట్టుబాటవుతుంది. పది పదిహేను చెట్లకు మధ్యేమార్గం మేలు. పర్మిట్ మనది, కొలత మన ముందర, కోతా రవాణా బేరగాడివి.

ఇంకా చెట్లు వేయనివాళ్లు టేకు కాకుండా వేరే రకం ఎంచుకుంటే ఈ గొడవ చాలావరకు ఉండదు. సరుగుడు, జామాయిల్, సుబాబుల్‌కు ఇక్కడ రవాణా పర్మిట్ అక్కర్లేదు. అడవి బయట పెంచిన వెదురును 2017లోనే కేంద్ర అటవీ చట్టంలో 'చెట్టు' అనే మాట నుంచి తప్పించారు. ఎర్రచందనం మాత్రం ఈ లెక్కల్లోకి రాదు, దాని నిబంధనలే వేరు. పక్క రాష్ట్రాలకు కలప పంపేవాళ్లకు ఆన్‌లైన్ రవాణా పాస్ కూడా ఉంది. మొదట మధ్యప్రదేశ్, తెలంగాణల్లో ప్రయోగంగా పెట్టి, 2023 డిసెంబరులో దేశమంతటికీ తెచ్చారు. క్యూఆర్ కోడ్ చూపిస్తే చాలు. ముద్ర కొట్టడానికి మాత్రం మనిషి పొలానికి రావాల్సిందే.

చిన్నాన్న మధ్యేమార్గానికే ఒప్పుకున్నాడు. ముద్రలు కొట్టే రోజు నోట్‌బుక్కులో ఒక్కో దుంగ కొలతా తనే రాసుకున్నాడు. కాలవలో పడ్డ ఒక దుంగను బయటికి లాగేసరికి జాబితా అయిపోయింది. ముద్ర లేదు కాబట్టి అది లోడెక్కలేదు. ఇప్పటికీ కొట్టం పక్కనే ఉంది, సాయంత్రం పూట చిన్నాన్న దాని మీదే కూర్చుని బీడీ కాలుస్తుంటాడు.